మొటిమల చికిత్స – రోగం పేరు, కోడ్, బిల్లు: కార్డుదారులు తెలుసుకోవాల్సిన విషయాలు

(ఎన్టీఆర్ వైద్య సేవ / పాత ఆరోగ్యశ్రీ కార్డు ఉన్న కుటుంబాల కోసం – చోడవరం, చుట్టుపక్కల మండలాలు)

మొన్న చోడవరంలో ఒక అవగాహన సమావేశం అయిపోయాక అందరూ వెళ్లిపోతుంటే, ఒక తల్లి చేతిలో ప్లాస్టిక్ సంచితో నిలబడిపోయింది. పక్కన పంతొమ్మిదేళ్ల కూతురు, ముఖం మీద చున్నీ కప్పుకుని ఉంది. "బాబూ, కార్డు ఉంది గదా, మా గుంటకి మొకం ఇలగైపోతే ఎందుకు రాదంటన్నారు?" అని అడిగింది ఆ తల్లి.

సంచిలో కాగితాలన్నీ తీసి చూశాం. రెండేళ్లలో పద్నాలుగు వేల దాకా ఖర్చయిందని ఆమె లెక్క. కానీ పేరు, తేదీ ఉన్న బిల్లులు రెండే దొరికాయి. మిగతావి చిత్తు కాగితాల మీద రాసిన మందుల పేర్లు. ఒక ఓపీ చీటీ మీద "చర్మ సమస్య" అని మాత్రమే ఉంది. ఏ సమస్య, ఎంత తీవ్రం, ఎన్నాళ్ల నుంచి అన్నది ఎక్కడా లేదు. అడుగున ఒక క్రీము ట్యూబు ఉంది. అందులో స్టెరాయిడ్ ఉంది. ఎవరో చెబితే ఆరు నెలలుగా పూస్తున్నారట.

ఇలాంటి సంచులు చాలా ఇళ్లలో ఉంటాయి. అందుకే ఈ పీడీఎఫ్. కార్డు ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ రాదు, డాక్టరు రాసే రోగం పేరు, దాని పక్కన వేసే కోడ్, చేతికిచ్చే బిల్లు – ఈ మూడూ ఎందుకు ముఖ్యమో వరసగా చూద్దాం.

1. ముందు అసలు ప్రశ్న: మొటిమలకు కార్డు వర్తిస్తుందా?

2007 ఏప్రిల్ 1న మొదలైన ఆరోగ్యశ్రీ, తర్వాత పేర్లు మారుతూ ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తోంది. ఈ పథకం ముఖ్యంగా ఆసుపత్రిలో చేరి చేయించుకునే చికిత్సలకు, ఆపరేషన్లకు ఉద్దేశించింది. ప్రతి చికిత్సకూ ఒక ప్యాకేజీ, ఆ ప్యాకేజీకి ఒక నెంబరు, ఒక ధర ఉంటాయి. ఆసుపత్రికి డబ్బు ఆ ప్యాకేజీ ప్రకారమే వస్తుంది.

చర్మ వ్యాధుల్లో ప్రాణం మీదకి వచ్చేవి ఈ జాబితాలో ఉన్నాయి. ఒళ్లంతా బొబ్బలు వచ్చే పెంఫిగస్, మందు పడక చర్మం ఊడిపోయే స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ లాంటివి. మామూలు మొటిమలకు మంచం అవసరం లేదు. డాక్టరుకు చూపించుకుని, మందు రాయించుకుని ఇంటికి వెళ్లిపోతాం. అంటే అది ఓపీ చికిత్స. అందుకే నెట్‌వర్క్ ఆసుపత్రిలో వైద్యమిత్ర "మొటిమలకు కార్డు మీద రాదు" అని చెబితే, అది మిమ్మల్ని తిప్పి పంపడానికి చెప్పిన మాట కాదు.

అలాగని ఉచిత చికిత్స లేదని కాదు. దారి వేరు, అంతే. ప్రభుత్వ ఆసుపత్రిలో ఓపీకి కార్డుతో పని లేదు. డాక్టరు చూడడం, అక్కడ ఉన్న మందులు ఇవ్వడం ఉచితమే. దాని గురించి 6వ భాగంలో వివరంగా చెప్పాం.

2. రోగం పేరు పక్కన ఆ అక్షరం, అంకెలు ఏమిటి?

కంప్యూటర్‌లో తీసిన ఓపీ చీటీ మీదో, డిశ్చార్జి సమ్మరీ మీదో "ఎల్ 70.0" లాంటిది కనిపిస్తుంది. అది మందు పేరు కాదు, వార్డు నెంబరూ కాదు. అది రోగానికి పెట్టిన అంతర్జాతీయ నెంబరు. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేసిన ఐసీడీ అనే జాబితాలోది. మనం ఎక్కువగా చూసేది పదో కూర్పు, ఐసీడీ–10. పదకొండో కూర్పు 2022 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులో మొటిమల కోడ్ "ఈడీ 80". రెండు చోట్ల రెండు రకాలుగా కనిపిస్తే కంగారు పడొద్దు, రోగం ఒకటే.

పిన్‌కోడ్ ఉంటే ఉత్తరం ఏ ఊరి పోస్టాఫీసుకు వెళ్లాలో తెలిసినట్టే, ఈ కోడ్ ఉంటే మీ రోగం ఏమిటో చోడవరం డాక్టరుకూ విశాఖ డాక్టరుకూ ఒకేలా అర్థమవుతుంది. చేతిరాత అర్థం కాలేదన్న మాట ఉండదు.

మొటిమలకు సంబంధించి మీకు కనిపించే కోడ్‌లు ఇవి:

• ఎల్ 70.0 – సాధారణ మొటిమలు. ఎక్కువ మందికి రాసేది ఇదే. నల్ల మచ్చలు, ఎర్ర పొక్కులు, చీము పొక్కులు అన్నీ ఇందులోకే వస్తాయి.
• ఎల్ 70.1 – లోతుగా గడ్డలు కట్టి, ఒకదానితో ఒకటి కలిసిపోయి, చీము కారి, గుంటలు మిగిల్చే తీవ్రమైన రకం. ముఖంతో పాటు వీపు, ఛాతీ మీద కూడా రావచ్చు.
• ఎల్ 70.4 – పసిపిల్లలకు వచ్చే మొటిమలు.
• ఎల్ 70.5 – మొటిమలను పదే పదే గిల్లుకోవడం వల్ల పుండ్లు పడిన పరిస్థితి.
• ఎల్ 70.8 – పై వాటిలో చేరని ఇతర రకాలు.
• ఎల్ 70.9 – "మొటిమలు, ఏ రకమో రాయలేదు" అని అర్థం.

మొటిమల్లా కనిపించినా మొటిమలు కానివీ ఉన్నాయి. వాటి కోడ్‌లు వేరు:

• ఎల్ 71 – రోజేషియా. బుగ్గలు, ముక్కు ఎర్రబడి పొక్కులు వస్తాయి.
• బి 35 – తామర.
• బి 86 – గజ్జి.
• ఎల్ 03.2 – ముఖం చర్మం లోపలికి ఇన్‌ఫెక్షన్ పాకి వాచిపోవడం, అంటే సెల్యులైటిస్.
• ఎల్ 90.5 – మానిన తర్వాత మిగిలే మచ్చ.
• ఎల్ 91.0 – మచ్చ ఉబ్బి గట్టిగా పెరగడం (కెలాయిడ్).

ఇవి బట్టీ పట్టాల్సిన పని లేదు. మీ చీటీ మీద ఏది ఉందో ఒకసారి చూసుకుంటే చాలు.

3. కోడ్ సరిగ్గా ఉంటే మనకేంటి లాభం?

మొదటిది, చికిత్స. ఎల్ 70.9 అని ఉంటే తర్వాత చూసే డాక్టరుకు ఏమీ తెలియదు, మళ్లీ మొదటి నుంచి మొదలుపెట్టాలి. అదే ఎల్ 70.1 అని, "వీపు, ముఖం, రెండేళ్లుగా, మచ్చలు పడుతున్నాయి" అని రాసి ఉంటే, పూత మందులతో ఇంకా కాలక్షేపం చేయకూడదని పెద్దాసుపత్రిలో చూడగానే అర్థమవుతుంది. లోతైన మొటిమల్లో ఆలస్యమైన ప్రతి నెలా మచ్చలు మిగులుస్తుంది. మచ్చ పడ్డాక అది వేరే సమస్య. దాని కోడ్ వేరు, చికిత్స వేరు, ఖర్చు వేరు.

రెండోది, డబ్బు. ఈఎస్ఐ అయినా, ప్రైవేటు బీమా అయినా, ముఖ్యమంత్రి సహాయనిధి అయినా కాగితం మీద ఉన్నదాన్నే చూస్తారు. "అందం కోసం" చేయించుకున్నదా, "రోగానికి" చేయించుకున్నదా అన్న తేడా అక్కడే తేలుతుంది. ప్రైవేటు బీమా పాలసీల్లో మినహాయింపులకు కూడా కోడ్‌లు ఉంటాయి. సౌందర్య చికిత్సలకు, ప్లాస్టిక్ సర్జరీకి పెట్టిన మినహాయింపు నెంబరు 08. క్లెయిమ్ తిరస్కరించిన ఉత్తరంలో అది కనిపిస్తే, మీ చికిత్సను సౌందర్యం కింద లెక్కగట్టారని అర్థం. జీఎస్టీలోనూ ఇదే తేడా ఉంది. రోగానికి చేసే వైద్య సేవకు జీఎస్టీ మినహాయింపు ఉంటుంది, అందం కోసం చేసే శస్త్ర చికిత్సకు ఉండదు.

మూడోది, మీ రికార్డు. ఓపీ దగ్గర క్యూఆర్ స్కాన్ చేసి మీ ఆభా నెంబరు (14 అంకెలది) ఇస్తే, ఆసుపత్రి రికార్డులు దానికి జతపడతాయి. ఇవాళ రాసిన రోగం పేరు రేపు ఇంకో ఊళ్లో కూడా కనిపిస్తుంది. అందుకే అది నిజమైన పేరు అయి ఉండాలి.

4. మూడు వేర్వేరు నెంబర్లు – కలిపేయకండి

చాలామంది తికమక పడేది ఇక్కడే.

• రోగం కోడ్ – మీకు ఏమైందో చెబుతుంది. (ఐసీడీ)
• ప్యాకేజీ కోడ్ – పథకం కింద ఏ చికిత్స చేశారో చెబుతుంది. ఇది వైద్య సేవ ట్రస్టుది.
• బిల్లు నెంబరు – దేనికి ఎంత తీసుకున్నారో చెబుతుంది. ఆసుపత్రిది లేదా మందుల షాపుది.

రోగం కోడ్ ఉన్నంత మాత్రాన ప్యాకేజీ ఉన్నట్టు కాదు. ఎల్ 70.0 అని రాసి ఉన్నా దానికి పథకం డబ్బు రాకపోవచ్చు. కానీ ప్యాకేజీ మీద చికిత్స జరిగినప్పుడు మాత్రం మూడూ ఒకదానికొకటి సరిపోవాలి. రోగం ఒకటి, చికిత్స ఇంకొకటి అయితే ఆమోదం ఆగిపోతుంది.

ఒక ఉదాహరణ. ముక్కు పక్కన మొటిమను నొక్కేశారు. రెండు రోజుల్లో చెంప వాచి, కన్ను మూసుకుపోయి, జ్వరం వచ్చింది. ఆసుపత్రిలో చేర్చి ఇంజెక్షన్లు పెట్టారు. ఇప్పుడు ఆసుపత్రిలో చేరడానికి కారణం మొటిమ కాదు, ముఖం సెల్యులైటిస్. అందుకే ప్రధాన రోగం ఎల్ 03.2 అవుతుంది, మొటిమలు రెండో వరసలో ఉంటాయి. ఇలా రాయడం మోసం కాదు, నిజంగా జరిగింది అదే. పథకం వర్తిస్తుందా లేదా అన్నది వైద్యమిత్ర ఆ కోడ్ ప్రకారం చూసి చెబుతారు.

(ముక్కు నుంచి పెదవి దాకా ఉన్న భాగంలో మొటిమలు నొక్కొద్దు. వాపు, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. తీవ్రమైన మొటిమలతో పాటు జ్వరం, కీళ్ల నొప్పులు వచ్చినా ఆగొద్దు.)

5. "వేరే పేరు రాసి కార్డు మీద చేసేస్తాం" అంటే?

కొందరు ఇలా చెబుతారు: "మొటిమలకు రాదమ్మా. వేరే జబ్బు రాసి రెండు రోజులు అడ్మిట్ చేసుకుంటాం, మీకు ఖర్చుండదు." వినడానికి సాయంలా ఉంటుంది. ఒప్పుకోవద్దు. ఎందుకంటే:

• లేని రోగం మీ పేరు మీద రికార్డులో పడిపోతుంది. రేపు నిజంగా జబ్బు చేసినప్పుడు డాక్టరు దాన్ని చూసే మందు రాస్తారు. పెళ్లి కావాల్సిన పిల్ల, ఉద్యోగానికి వెళ్లాల్సిన కుర్రాడు, రేపు బీమా తీసుకోవాలనుకునే మీరు, అందరికీ అది అడ్డమే.
• మీ కుటుంబానికి ఏడాదికి ఉన్న పరిమితిలోంచి ఆ డబ్బు తగ్గిపోతుంది. ఇంట్లో పెద్దాయనకు గుండె ఆపరేషన్ పడితే అప్పుడు తెలుస్తుంది.
• వేలిముద్ర మీది, సంతకం మీది. విచారణ వస్తే మిమ్మల్నీ అడుగుతారు.

ఖాళీ కాగితం మీద సంతకం పెట్టొద్దు. వేలిముద్ర వేసే ముందు "ఏ రోగానికి, ఏ చికిత్సకు, ఎంతకు?" అని అడగండి. అడగడం మీ హక్కు. పథకం కింద చేసిన చికిత్సకు నెట్‌వర్క్ ఆసుపత్రి విడిగా డబ్బు అడిగినా, ఇలా తప్పుడు పేరు రాస్తామన్నా 104కు ఫోన్ చేయండి.

6. మరి ఉచితంగా ఎక్కడ చూపించుకోవాలి?

ఒకటి – ఊళ్లోనే. విలేజ్ హెల్త్ క్లినిక్‌లోనో, పీహెచ్‌సీలోనో ముందు చూపించండి. ఈ-సంజీవని ద్వారా అక్కడి నుంచే పెద్ద డాక్టరుతో వీడియోలో మాట్లాడే వీలుంది. ఆశా, ఏఎన్ఎంలను అడగండి.

రెండు – చోడవరం ప్రభుత్వ ఆసుపత్రి. ఇక్కడి ఓపీ చీటీ మీద రోగం పేరు, ఎన్నాళ్ల నుంచి ఉందో, ఏ మందులు వాడారో రాయించుకోండి. పెద్దాసుపత్రికి పంపాల్సి వస్తే రిఫరల్ చీటీ అడగండి.

మూడు – అనకాపల్లి జిల్లా ఆసుపత్రి, విశాఖ కేజీహెచ్. 1923 నుంచి ఉన్న కేజీహెచ్‌లో చర్మ వ్యాధుల విభాగం ప్రత్యేకంగా ఉంది. గడ్డలు, మచ్చలు పడే రకం అయితే అక్కడికి వెళ్లడమే మంచిది. పాత చీటీలన్నీ పట్టుకెళ్లండి.

ఈఎస్ఐ ఉన్నవాళ్లకు: అచ్యుతాపురం, పరవాడ కంపెనీల్లో పని చేసేవాళ్లు మన మండలాల్లో చాలామంది ఉన్నారు. నెల జీతం 21,000 రూపాయల లోపు ఉండి ఈఎస్ఐ కోత పడుతుంటే, మీతో పాటు భార్య లేదా భర్త, ఆధారపడిన పిల్లలు, పెళ్లికాని కూతురు కూడా అందులోకి వస్తారు. ఈఎస్ఐలో ఓపీ, మందులు ఉంటాయి. కానీ ముందు మీకు కేటాయించిన డిస్పెన్సరీకే వెళ్లాలి. బయట చూపించుకుని తర్వాత బిల్లు పెడితే, రిఫరల్ లేదని తిప్పి పంపే అవకాశం ఎక్కువ.

ముందు చెప్పిన తల్లి విషయంలో అసలు నష్టం ఇదే. భర్త జీతంలో నెలనెలా ఈఎస్ఐ కోత పడుతోంది. కూతురు పేరు ఆ కార్డులో ఉంది కూడా. ఆ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు.

7. చీటీ మీద, బిల్లు మీద ఏం ఉండాలి?

డాక్టరు చీటీ మీద:
• మీ పేరు ఆధార్‌లో ఉన్నట్టే, వయసు, తేదీ.
• రోగం పేరు (కోడ్ ఉంటే ఇంకా మంచిది), ఎక్కడెక్కడ, ఎంత తీవ్రం.
• మందు పేరు, ఎన్ని రోజులు, ఎలా వాడాలి.
• డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నెంబరు. డాక్టరు ఇచ్చే చీటీల మీద, రసీదుల మీద ఈ నెంబరు ఉండాలని 2002 నాటి వైద్య మండలి నియమావళిలోనే ఉంది. మందుల పేర్లు అర్థమయ్యేలా, వీలైతే పెద్ద అక్షరాల్లో, జెనరిక్ పేరుతో రాయాలని 2016లో అందులో సవరణ చేశారు.

మందుల షాపు బిల్లు మీద:
• షాపు పేరు, లైసెన్సు నెంబరు, బిల్లు నెంబరు, తేదీ.
• మీ పేరు, మందు రాసిన డాక్టరు పేరు.
• ప్రతి మందుకూ బ్యాచ్ నెంబరు, గడువు తేదీ, ధర.

"బిల్లు ఎందుకమ్మా, పది రూపాయలు తగ్గిస్తాలే" అంటే వద్దనండి. బిల్లు లేని మందు వల్ల ముఖం పాడైతే అడగడానికి ఆధారం ఉండదు.

ఆసుపత్రిలో చేరినవాళ్లు డిశ్చార్జి సమ్మరీ తప్పక తీసుకోవాలి. తర్వాత మీ రికార్డు కావాలని రాసిచ్చి అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని అదే నియమావళి చెబుతోంది. చేరి చికిత్స చేయించుకున్నవాళ్ల రికార్డును మూడేళ్లు దాచాలి కూడా. పథకం వర్తించక పెద్ద ఖర్చయితే ఎమ్మెల్యే కార్యాలయం ద్వారా ముఖ్యమంత్రి సహాయనిధికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. దానికి అసలు బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ కావాలి. జిరాక్సులు తీసి పెట్టుకుని అసలువి ఇవ్వండి.

8. రెండు మందుల గురించి గట్టిగా చెప్పాల్సిన మాట

స్టెరాయిడ్ క్రీములు: ట్యూబు మీద బీటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఉంటే అది స్టెరాయిడ్. పూసిన వారంలో ముఖం తెల్లబడి నున్నగా అవుతుంది, అందుకే జనం మోజు పడతారు. నెలల తరబడి పూస్తే చర్మం పలచబడుతుంది, ఎర్రబడుతుంది, కొత్త మొటిమలు వస్తాయి, మానేస్తే మంట పుడుతుంది. ఇలాంటి స్టెరాయిడ్ పూత మందులను చీటీ లేకుండా అమ్మకూడదని కేంద్రం 2018లో నిబంధన తెచ్చింది. ఇప్పటికే వాడుతుంటే సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి, చీటీ మీద రాయించండి. అది తెలియకపోతే చికిత్స దారి తప్పుతుంది.

ఐసోట్రెటినాయిన్ మాత్రలు: తీవ్రమైన మొటిమలకు బాగా పని చేసే మందు. కానీ కడుపుతో ఉన్నవాళ్లు వేసుకుంటే బిడ్డకు తీవ్రమైన లోపాలు వస్తాయి. చర్మ వైద్యులు రాస్తేనే వాడాలి. ముందు గర్భ పరీక్ష, లివర్, కొవ్వు పరీక్షలు చేయిస్తారు. వాడుతున్నన్నాళ్లూ, ఆపిన తర్వాత ఒక నెలా గర్భం రాకుండా చూసుకోవాలి. ఆ సమయంలో రక్తదానం కూడా చేయకూడదు. పక్కింటి అమ్మాయికి తగ్గిందని ఆ చీటీతో మీరు కొనుక్కోవద్దు. పరీక్షల రిపోర్టులు చీటీతో పాటే దాచండి.

ఏ మందైనా మొటిమల మీద పని కనిపించడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుంది. పది రోజులకే డాక్టరును మార్చేయకండి. మారిస్తే ఫైలు మాత్రం మార్చకండి.

9. తరచూ అడిగే ప్రశ్నలు

చీటీ మీద కోడ్ లేదు. చెల్లదా?
చెల్లుతుంది. చిన్న ఆసుపత్రుల్లో చేత్తో రాసినప్పుడు కోడ్ ఉండకపోవచ్చు. రోగం పేరు మాత్రం స్పష్టంగా ఉండాలి. "చర్మ సమస్య" అని ఉంటే, "ఏ సమస్యో రాయండి సార్" అని అడగండి.

ఆధార్‌లో విశాఖపట్నం జిల్లా అని ఉంది, ఇప్పుడు మాది అనకాపల్లి జిల్లా. ఎలా?
2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి కాబట్టి చాలామంది కాగితాల మీద పాత పేరే ఉంది. దానికన్నా ముందు పేరు, పుట్టిన తేదీ అన్ని కాగితాల్లో ఒకేలా ఉన్నాయో లేదో చూసుకోండి. తేడా ఉంటే సచివాలయంలో అడిగి సరిచేయించుకోండి.

మచ్చలకు లేజర్ చేయించుకుంటే కార్డు మీద వస్తుందా?
దాన్ని సౌందర్య చికిత్స కింద చూస్తారు. డబ్బు కట్టే ముందే వైద్యమిత్రను అడగండి. కట్టేశాక తిరిగి రాదు.

కోడ్ తప్పు పడింది. మార్చుకోవచ్చా?
నిజంగా తప్పయితే మార్చుకోవచ్చు. రాసిన డాక్టరే సరిచేసి, తేదీతో సంతకం పెట్టాలి. మీరు పెన్నుతో దిద్దితే ఆ కాగితం పనికి రాదు.

10. ఇవాళే చేయాల్సినవి

1. ఇంట్లో ఒక్కొక్కరికీ ఒక ఫైలు పెట్టండి. ఇరవై రూపాయల ఫైలు చాలు. తేదీల వరసలో కాగితాలు పెట్టండి.
2. ప్రతి చీటీని, బిల్లును ఫోన్‌లో ఫోటో తీయండి. బిల్లుల అక్షరాలు కొన్ని నెలల్లో చెరిగిపోతాయి.
3. ఈఎస్ఐ కోత పడుతోందేమో జీతం చీటీలో చూడండి. ఇంట్లోవాళ్ల పేర్లు ఉన్నాయో లేదో చూసుకోండి.
4. ముఖానికి పూసే క్రీముల మీద ఏం రాసి ఉందో చదవండి. చదవడం రాకపోతే ఏఎన్ఎంకు చూపించండి.
5. ప్యాకేజీల జాబితా, అర్హతలు అప్పుడప్పుడూ మారుతుంటాయి. చికిత్సకు ముందే వైద్యమిత్రను గానీ, 104ను గానీ అడిగి ఖాయం చేసుకోండి.

ఆ అమ్మాయి చోడవరం ఆసుపత్రిలో చూపించుకుని, రిఫరల్ చీటీతో కేజీహెచ్‌కు వెళ్లింది. క్రీము ఆపేశారు. ఇప్పుడు ఆమె చీటీ మీద "చర్మ సమస్య" అని లేదు. రోగం పేరు ఉంది, కోడ్ ఉంది, మళ్లీ ఎప్పుడు రావాలో తేదీ ఉంది. పోయిన పద్నాలుగు వేలు తిరిగి రావు. ఇక మీదట పోకుండా చూసుకోవడం మాత్రం ఆ తల్లి చేతిలోనే ఉంది. ప్లాస్టిక్ సంచి పోయి ఫైలు వచ్చింది.

సందేహాలకు, ఫిర్యాదులకు: 104. అత్యవసరమైతే అంబులెన్సుకు: 108. మీ ఊరి గ్రూపులో ఈ పీడీఎఫ్ పంపండి. చదవలేని పెద్దవాళ్లకు చదివి వినిపించండి.